శాంటియాగో దారిలో సువార్త: నడిచి చెప్పేవారు, నిలిచి వడ్డించేవారు

మధ్యాహ్నం రెండు గంటల వేళ ఉత్తర స్పెయిన్‌లోని ఏ యాత్రిక వసతి గృహానికి వెళ్లినా ముందుగా కనబడేది చెప్పుల అర. బురద పట్టిన బూట్లు వరసగా ఉంటాయి. కొన్నిటిలో చెమ్మ పీల్చడానికి పాత వార్తాపత్రికలు కుక్కి ఉంటాయి. లోపల బెంచీ మీద కూర్చున్న మనిషి మేజోడు నెమ్మదిగా లాగి మడమ మీది బొబ్బను చూసుకుంటూ ఉంటాడు. అతని ఎదుట నేల మీద మోకాళ్లూని ఒక స్వచ్ఛంద సేవకుడు దూదీ మందూ పట్టుకుని ఉంటాడు. ఆ సేవకుడు విశ్వాసి కావచ్చు, కాకపోవచ్చు. సముద్రం అవతలి నుంచి తన సంఘం చందాలు పోగుచేసి పంపగా సువార్త కోసమే వచ్చినవాడూ కావచ్చు. బొబ్బ ఉన్నవాడికి ఆ క్షణాన ఆ తేడా పట్టదు. ఈ దారి మీద క్రైస్తవ మిషన్ యాత్రల సంగతంతా ఆ తేడా ఎప్పుడు పట్టింపులోకి వస్తుందన్న దాని చుట్టూనే తిరుగుతుంది.

స్పెయిన్ వాయవ్య మూలన ఉన్న శాంటియాగో డి కంపోస్టెలా నగరానికి వెళ్లే పాదయాత్ర మార్గాలన్నిటినీ కలిపి కామినో అంటారు. స్పానిష్‌లో ఆ మాటకు దారి అని మాత్రమే అర్థం. యేసు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడు, జెబెదయి కుమారుడైన యాకోబు సమాధి అక్కడి కథెడ్రల్ కింద ఉందని నమ్మకం. హేరోదు రాజు యాకోబును ఖడ్గంతో చంపించాడని బైబిల్లోని అపొస్తలుల కార్యములు గ్రంథం చెబుతుంది. దేహం పడవలో స్పెయిన్ చేరిందన్న కథ బైబిల్లో లేదు, అది తర్వాత వచ్చిన ఐతిహ్యం. తొమ్మిదో శతాబ్దంలో ఇరియా పీఠాధిపతి (బిషప్పు) థియొదొమీరో కాలంలో సమాధి బయటపడిందన్న వార్తతో యాత్ర మొదలైంది. మార్గాల్లో పేరుమోసినది ఫ్రెంచి దారి. ఫ్రాన్స్ వైపు సాన్-జాన్-ప్యె-ద-పోర్ అనే చిన్న ఊరిలో మొదలై, పిరనీస్ కొండలు దాటి, దాదాపు 780 కిలోమీటర్లు సాగుతుంది. సగటు మనిషికి ఐదు వారాల నడక.

మధ్యయుగాల్లో వెలిగిన ఈ దారి ఇరవయ్యో శతాబ్దం నాటికి దాదాపు మరుగున పడింది. 1986లో నడక పూర్తిచేసి కథెడ్రల్ ధ్రువపత్రం అందుకున్నవాళ్లు 2,500 మందికి కాస్త తక్కువ. 2019లో ఆ సంఖ్య 3,47,000 దాటింది. 2024లో ఐదు లక్షల దగ్గరకు వచ్చింది. ఈ పునరుద్ధరణలో పోపు రెండో జాన్ పాల్ 1982, 1989 సంవత్సరాల్లో అక్కడికి రావడం, 1987లో ఐరోపా మండలి దీన్ని తన తొలి సాంస్కృతిక మార్గంగా ప్రకటించడం, 1993లో యునెస్కో గుర్తింపు దక్కడం అన్నీ పనిచేశాయి. వాటికంటే ముందు ఓ సెబ్రెయిరో అనే కొండపల్లెలో కాథలిక్ విచారణ (ఒక గుడి పరిధిలోని స్థానిక సంఘం) గురువు ఎలియాస్ వలీన్యా ఉన్నాడు. 1980ల్లో ఆయన పసుపు రంగు డబ్బా పట్టుకుని దారి పొడవునా రాళ్ల మీద, గోడల మీద బాణాలు గీసుకుంటూ వెళ్లాడు. ఇప్పటికీ యాత్రికులు వెతుక్కునేది ఆ పసుపు బాణాన్నే. ఈ దారి మీద జరిగిన అతి పెద్ద మిషన్ పని అదేనేమో; అందులో ఒక్క ప్రసంగం కూడా లేదు.

క్రైస్తవ క్షేత్రానికి నడుస్తున్నవాళ్లకు మళ్లీ సువార్త ఎందుకు? జవాబు యాత్రిక కార్యాలయం అడిగే ప్రశ్నలోనే దొరుకుతుంది. ధ్రువపత్రం ఇచ్చే ముందు, నడవడానికి కారణం ఏమిటని అడుగుతారు. మతం, మతంతో పాటు ఇతర కారణాలు, మతంతో సంబంధం లేని కారణాలు అని మూడు రకాలుగా జవాబులు నమోదవుతాయి. మతం ఒక్కటే కారణమని చెప్పేవాళ్లు ఇటీవలి సంవత్సరాల్లో సగానికి తక్కువే. మిగతావాళ్లలో ఉద్యోగం పోయినవాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్లు, పదవీ విరమణ చేసినవాళ్లు, చదువుకూ కొలువుకూ మధ్య ఊపిరి పీల్చుకోవాలనుకున్న కుర్రకారు, ఊరికే నడక ఇష్టమైనవాళ్లు, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. పశ్చిమ ఐరోపాలో ఆదివారం గుడికి వెళ్లడం మానేసిన తరం తనంతట తాను వచ్చి ఐదు వారాలు సిలువ గుర్తుల నడుమ నడుస్తుంది. చర్చిలోకి ఎంత పిలిచినా రానివాళ్లు ఇక్కడ చర్చి మెట్ల మీద కూర్చుని రొట్టె తింటుంటారు. సువార్త సంస్థల కళ్లు ఈ దారి మీద పడటంలో ఆశ్చర్యం లేదు.

వచ్చేవాళ్లు ఒక తీరువాళ్లు కారు. కాథలిక్ విచారణల నుంచి యువజన బృందాలు తమ గురువుతో కలిసి వస్తాయి. వాళ్లకు ఇది ముందుగా తమ యాత్ర, ఆ తర్వాతే సాక్ష్యం, అంటే తమ విశ్వాసాన్ని ఇతరులకు చెప్పడం. సువార్త ప్రకటనకు పెద్దపీట వేసే ప్రొటెస్టెంట్లైన ఎవాంజెలికల్ సంఘాల నుంచి, ముఖ్యంగా అమెరికా నుంచి, పది పన్నెండు మంది జట్టుగా వారం పది రోజులకు వస్తారు. వాళ్లకు సమాధితో పని లేదు, నడిచే మనుషులతోనే పని. ఇటీవలి ఏళ్లలో స్పెయిన్ వాసుల తర్వాత ఈ దారిలో ఎక్కువగా కనబడుతున్నది అమెరికన్లే కాబట్టి, అలాంటి జట్టు గుంపులో కలిసిపోతుంది. ఇక మూడో తరహా వాళ్లు అసలు నడవరు. దారి పక్కన ఒక ఇల్లు తెరిచి, వచ్చేవాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెట్టి, పడక చూపిస్తారు. ఈ మూడో తరహాకూ మొదటి రెంటికీ ఉన్న తేడా పైకి కనిపించేదానికంటే చాలా పెద్దది.

జట్టుగా వచ్చేవాళ్ల చేతికి దొరికేది పది రోజుల సెలవు. అందుకే చాలా మంది సారియా ఊరి నుంచి నడక మొదలుపెడతారు. ధ్రువపత్రానికి కనీసం 100 కిలోమీటర్లు నడవాలన్నది నియమం. సారియా నుంచి శాంటియాగోకు దాదాపు 115 కిలోమీటర్లు, ఐదారు రోజుల పని. లెక్క చక్కగా కుదురుతుంది, కానీ ఆ ముక్కలో దారి స్వభావమే వేరు. బడిపిల్లల గుంపులు, బస్సుల్లో దిగిన పర్యటకులు, వారం సెలవులో నడిచేవాళ్లు అక్కడే కిక్కిరిసి ఉంటారు. నెల రోజులుగా నడుస్తూ వచ్చినవాళ్లు ఆ జనంలో తలొంచుకుని నిశ్శబ్దంగా వెళ్లిపోతుంటారు. మనిషి లోలోపలి మాట పైకి చెప్పుకునేది సాధారణంగా అంతకు ముందు, బుర్గోస్ లియోన్ నగరాల మధ్య మెసెతా అనే ఎత్తైన మైదానంలో. గోధుమ చేలు, తిన్నని మట్టిబాట, కంటికి ఆనేంత దూరం నీడ ఉండదు. చెప్పుకోవడానికి కబుర్లు అయిపోయాక మనిషికి తన గతం తప్ప తోడు ఉండదు. అక్కడ పది రోజుల జట్లు దాదాపు కనబడవు. అంటే, వినడానికి మనిషి సిద్ధంగా ఉన్న చోట చెప్పేవాడు లేడు. చెప్పేవాళ్లు ఉన్న చోట జనం తొందరలో ఉన్నారు.

ప్రొటెస్టెంట్ బృందాలు ఈ దారిన నడవడం వెనక ఇంకో వింత ఉంది. యాత్రలన్నా, పరిశుద్ధుల ఎముకలన్నా ఆ సంప్రదాయానికి మొదటి నుంచీ పడదు. శాంటియాగోలో ఉన్నది యాకోబు దేహమో, చచ్చిన కుక్కదో గుర్రానిదో ఎవరికి తెలుసు, అక్కడికి వెళ్లకండి అని ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ ప్రసంగంలోనే ఎద్దేవా చేశాడు. 1530 నాటి లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన తీర్థయాత్రలను అనవసరమైన పనుల జాబితాలో చేర్చింది. అవతలి పక్షమూ తక్కువ తినలేదు. 1574లో మతద్రోహులను విచారించి శిక్షించే కాథలిక్ ఇంక్విజిషన్ న్యాయస్థానం శాంటియాగోలోనే స్థిరపడింది. శాంటియాగో ఉన్న గలీసియా ప్రాంతపు ఓడరేవుల్లో దిగే విదేశీయులను, వాళ్ల పెట్టెల్లోని పుస్తకాలను అనుమానంగా చూసేవారు. స్పానిష్‌లోకి బైబిల్‌ను అనువదించిన కసియొదొరో దె రెయ్‌నా దాన్ని 1569లో స్పెయిన్‌లో అచ్చు వేయలేక స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వేయించాడు.

ఈ గడ్డ మీద ప్రొటెస్టెంట్ సువార్త యాత్రకు ఆద్యుడని చెప్పదగినవాడు జార్జ్ బారో. బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ తరఫున 1830లలో కొత్త నిబంధన ప్రతులు గుర్రం మీద వేసుకుని స్పెయిన్ అంతా తిరిగిన ఆంగ్లేయుడు. అప్పుడు దేశంలో అంతర్యుద్ధం నడుస్తోంది. 1837లో శాంటియాగోకు వెళ్లాడు, ఆ తర్వాత మార్గదర్శిని వెంటబెట్టుకుని సముద్రపు ఒడ్డున ఉన్న ఫినిస్తెర్రే చేరాడు. అక్కడి జాలర్లు ఈ పొడుగాటి పరదేశిని చూసి తిరుగుబాటుదారుల మనిషి అనుకుని నిర్బంధించారు. తర్వాత వదిలేశారు. పుస్తకాల సంచీతో వచ్చిన కొత్త మనిషిని దారి మొదట ఎలా చూస్తుందో చెప్పడానికి ఆ ఘటన ఒక్కటి చాలు.

నియంత ఫ్రాంకో పాలనలో 1945 నాటి పౌరుల చట్టం కాథలిక్ మతానికి తప్ప మరే మతానికీ బహిరంగ ఆరాధనను అనుమతించలేదు. 1967లో కొంత సడలింపు, 1978 రాజ్యాంగంతో రాజ్యానికి అధికారిక మతం లేకపోవడం, 1980లో మత స్వేచ్ఛ చట్టం, 1992లో ఎవాంజెలికల్ సంఘాల సమాఖ్యతో ప్రభుత్వ ఒప్పందం. అంటే, ఇవాళ దారి మీద గిటారు పట్టుకుని పాటలు పాడే విదేశీ జట్టుకు ఉన్న స్వేచ్ఛ స్పెయిన్ ప్రొటెస్టెంట్లకు దక్కి అర్ధశతాబ్దం కూడా కాలేదు. ఈ సంగతి తెలియకుండా వచ్చే జట్లు, పల్లెటూరి ముసలవ్వ తమ కరపత్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఎందుకు చూస్తుందో అర్థం చేసుకోలేవు.

మిషన్ జట్లు తమ పనికి ఆధారంగా రెండు బైబిలు ఘట్టాలను చెప్పుకుంటాయి. ఒకటి గాజా దారిలో తొలి సంఘపు సువార్తికుడు ఫిలిప్పు. రథంలో వెళుతున్న ఐతియొపీయుడి దగ్గరకు పరుగెత్తి, చదువుతున్నది అర్థమవుతోందా అని అడిగి, రథమెక్కి యేసును ప్రకటిస్తాడు. అదే దారిలో నీళ్లు కనబడగానే బాప్తిస్మం ఇస్తాడు. త్వరగా, తేటగా పూర్తయ్యే పని. రెండోది లూకా సువార్త ఇరవై నాలుగో అధ్యాయంలోని ఎమ్మాయు దారి. యేసు మరణించాడన్న దుఃఖంతో నడుస్తున్న ఇద్దరి పక్కన ఒక అపరిచితుడు చేరి, ముందు వాళ్ల మాటలేమిటని అడుగుతాడు. జట్ల శిక్షణ పాఠాలకు రెండోదే ఇష్టం. ఆచరణలో మాత్రం చాలా వరకు మొదటిదే జరుగుతుంది. ఎమ్మాయు కథలో ఇంకో మలుపుంది, దాన్ని తక్కువ మంది పట్టించుకుంటారు. ఊరు దగ్గర పడ్డాక ఆ అపరిచితుడు ముందుకు సాగిపోబోతాడు. ఆపినది ఆ ఇద్దరూ. "మాతోకూడ ఉండుము" అని బలవంతపెట్టింది వాళ్లు. దారిలో లేఖనాలు వింటుంటే గుండె మండిందని తర్వాత వాళ్లే చెప్పుకుంటారు కానీ, అతను తిరిగి లేచిన యేసేనని కళ్లు తెరుచుకున్నది మాత్రం బల్ల దగ్గర అతను రొట్టె విరిచినప్పుడు. ఆ కథలో ఉపదేశం ఉంది, అయితే పిలుపు వినేవాడి నుంచి వచ్చింది, గుర్తింపు భోజనం దగ్గర కలిగింది. కామినో మీద పనిచేసేదీ పనిచేయనిదీ దాదాపుగా ఈ గీత దగ్గరే విడిపోతుంది.

నడిచే జట్టుకు ఎదురయ్యే చిక్కులు చూస్తే ఇది తెలుస్తుంది. మొదటి చిక్కు పడకలది. ప్రభుత్వ, విచారణ వసతి గృహాల్లో చాలా వాటిలో ముందుగా చోటు కేటాయించుకోవడం కుదరదు. ముందు వచ్చినవారికే ముందు. సొంత సంచి మోసుకుని కాలినడకన వచ్చినవాళ్లకు ప్రాధాన్యం, వెంట వాహనం ఉన్న గుంపులకు ఆఖరు వంతు. ఇరవై పడకల గదిలో పన్నెండు మంది జట్టు మధ్యాహ్నానికే చేరిందనుకుంటే, సాయంత్రం నాలుగింటికి కుంటుతూ వచ్చిన ఒంటరి మనిషి ఇంకో ఆరు కిలోమీటర్లు నడవాల్సిందే. ఎవరి కోసం వచ్చారో ఆ మనిషి పడకనే ఆక్రమించిన పాపం జట్టుకు తెలియను కూడా తెలియదు. అనుభవం ఉన్న నాయకులు జట్టును ఇద్దరిద్దరిగా విడగొట్టి ముందూ వెనకా పల్లెల్లో ఉంచుతారు.

రెండో చిక్కు సంభాషణది. నడిచేవాడికి మాట్లాడటానికి గంటలకొద్దీ సమయం ఉంటుంది, నిజమే. తప్పించుకోవడానికి మాత్రం చోటుండదు. పక్కనే నడుస్తున్న మనిషి మాట మార్చకుండా తన సాక్ష్యంలోకే లాగుతుంటే, వినేవాడు చేయగలిగేవి రెండే: బూటు తాడు సరిచేసుకునే నెపంతో ఆగిపోవడం, లేదా కాళ్లు నొప్పెట్టినా వేగం పెంచడం. దారి మీద అలవాటున్న యాత్రికులు ఈ రెండు ఎత్తుగడలనూ చూడగానే పసిగడతారు. ఒకచోట అలా జరిగితే ఆ సంగతి సాయంత్రానికి వసతి గృహంలో అందరికీ తెలుస్తుంది, మర్నాటికి ముందున్న పల్లెకు కూడా చేరుతుంది. రోజుకు ఇరవై, ఇరవై అయిదు కిలోమీటర్ల వేగంతో ఒకే జనం కలిసి కదులుతుంటారు కాబట్టి, దారి ఒక పొడుగాటి ఊరు లాంటిది. పేరు చెడితే బాగుచేసుకునే లోపే జట్టు తిరుగు విమానం ఎక్కేస్తుంది.

నిలిచి ఉండేవాళ్ల తీరు వేరు. గ్రన్యోన్ పల్లెలో విచారణ గుడి గోపురాన్ని ఆనుకునే యాత్రికుల వసతి ఉంది. పడకలు లేవు, నేల మీద చాపల్లాంటి పరుపులు. ధర లేదు, మూత తీసి ఉంచిన డబ్బుల పెట్టె, ఇవ్వగలిగింది వేయండి, అవసరమైంది తీసుకోండి అన్న మాట. వంట అందరూ కలిసి చేస్తారు. భోజనం అయ్యాక ఇష్టమున్నవాళ్లు గుడి లోపల గాయకుల మేడ మీదికి వెళతారు. ఒక కొవ్వొత్తి చేతి నుంచి చేతికి తిరుగుతుంది; ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఎందుకు నడుస్తున్నారో తమ భాషలో చెబుతారు, లేదా మాట్లాడకుండా పక్కవారికి అందిస్తారు. కొరియా మనిషి కొరియన్‌లో, హంగేరీ అమ్మాయి హంగేరియన్‌లో చెప్పినా ఎవరూ అనువాదం అడగరు. మేడ ఎక్కనివాళ్లు కింద గిన్నెలు కడుగుతారు. వాళ్లను ఎవరూ వెలితిగా చూడరు.

కారియోన్ దె లోస్ కోందెస్‌లో అగస్తీను సభకు చెందిన సిస్టర్లు సాయంత్రం యాత్రికులతో కలిసి పాటలు పాడతారు, తర్వాత గుడిలో ఒక్కొక్కరి తల మీద చెయ్యి ఉంచి దీవించి, చేత్తో చేసిన కాగితపు నక్షత్రం ఇస్తారు. కరడుగట్టిన నాస్తికులు కూడా ఆ నక్షత్రాన్ని పారేయకుండా టోపీలో దాచుకుంటారు. పిసుయెర్గా నది ఒడ్డున పాత శాన్ నికోలాస్ ఆశ్రయాన్ని నడిపేది ఒక ఇటాలియన్ యాత్రిక సహోదర సంఘం. అక్కడ భోజనానికి ముందు యాత్రికుడి పాదం కడిగి ముద్దుపెడతారు. యేసు శిష్యుల పాదాలు కడగబోతే పేతురు వద్దన్న యోహాను సువార్తలోని ఘట్టాన్ని అక్కడ ఎవరూ చదివి వివరించనక్కర్లేదు; రోజుల తరబడి నడిచి మట్టి పట్టిన పాదాన్ని ఇంకొకరు చేతుల్లోకి తీసుకున్నప్పుడు సిగ్గుపడి వెనక్కి లాక్కోబోయిన ప్రతివాడికీ పేతురు ఎందుకు వద్దన్నాడో తెలిసిపోతుంది. రబనాల్‌లో బ్రిటన్ యాత్రిక సంఘం 1991 నుంచి ఒక వసతి నడుపుతోంది. ఎదురుగా ఉన్న చిన్న బెనెడిక్టీను మఠంలో సాయంకాల ప్రార్థన లాటిన్ గానంలో సాగుతుంది.

ప్రొటెస్టెంట్లు కూడా ఈ పాఠం నేర్చుకున్నారు. ఎస్తెయా దాటాక వచ్చే వియమయోర్ దె మోన్‌హర్దిన్‌లో డచ్ ఎవాంజెలికల్ విశ్వాసులు, సారియాకూ శాంటియాగోకూ మధ్య లిగోందె పల్లెలో మరో ఎవాంజెలికల్ బృందం ఇలాంటి ఇళ్లు నడుపుతున్నాయి. స్వచ్ఛంద సేవకులు వంతులవారీగా వస్తారు. మంచినీళ్లు, కాఫీ, భోజనం, పడక. ఆ తర్వాత కావాలన్నవాళ్లకు ధ్యానమో ప్రార్థనో సంభాషణో. కాథలిక్ ఇంటికీ వీటికీ గోడ మీది బొమ్మల్లో తేడా ఉండవచ్చు, గుమ్మం దగ్గర లేదు. పన్నెండు, పదమూడు శతాబ్దాల నాటి ఒక లాటిన్ పద్యం పిరనీస్ కొండల్లోని రోన్సెస్‌వాయెస్ ధర్మసత్రం గురించి చెబుతూ, ఆ తలుపు రోగులకూ ఆరోగ్యవంతులకూ, కాథలిక్కులకే కాక అన్యులకూ యూదులకూ మతద్రోహులకూ సోమరులకూ తెరిచే ఉంటుందంటుంది. ఇంక్విజిషన్ పుట్టుకొస్తున్న కాలంలో మతద్రోహికి కూడా భోజనం అన్న మాట రాయడం చిన్న సంగతి కాదు. నిలిచి సేవ చేసే ఇళ్లన్నీ, ఏ సంఘానివైనా, ఆ పద్యానికి వారసులే.

ఇలా అంటే నడిచే జట్లన్నీ దండగ అని కాదు. నడిచేవాడి నొప్పి నడిచినవాడికే తెలుస్తుంది. అందుకే స్పెయిన్ యాత్రిక సంఘాల సమాఖ్య వసతి గృహాల్లో సేవకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఆ మనిషి ముందు తానూ యాత్రికుడై ఉండాలంటుంది. సేవ సాధారణంగా పదిహేను రోజులు, జీతం ఉండదు. నడిచిన తర్వాత నిలవడం అన్న ఈ క్రమాన్ని మిషన్ సంస్థలు తలకిందులు చేసి, నడకనే సేవగా లెక్కవేసినప్పుడే అసలు విమర్శ మొదలవుతుంది. విమానం టికెట్టుకూ బూట్లకూ సంఘం చందాలు ఇచ్చింది. సభ్యుడు అందమైన దారిలో వారం నడిచి, వైన్ తాగకుండా వచ్చాడు. ఇది విహారానికి సువార్త చీటీ అంటించడమేనని ఆయా సంఘాల్లోనే గొణుగుడు వినబడుతుంది. ఆ గొణుగుడులో న్యాయం ఉంది.

సంఘానికి లెక్క చెప్పాల్సి రావడం ఈ ఇబ్బందిని ఇంకా పెంచుతుంది. చందా ఇచ్చినవాళ్లు ఫలితం అడుగుతారు. ఎంత మందితో మాట్లాడారు, ఎంత మందికి కొత్త నిబంధన ఇచ్చారు, ఎంత మంది ప్రార్థన చేశారు? దారి మీద ఈ ప్రశ్నలకు నిజాయితీ గల జవాబు లేదు. రాత్రి బల్ల దగ్గర ఏడ్చిన మనిషి పొద్దున ఆరు గంటలకు తలదీపం పెట్టుకుని వెళ్లిపోతాడు. అతని పేరులో సగమే తెలుసు. అతను ఇంటికి వెళ్లాక ఏమయ్యాడో తెలియదు. మోసే ప్రతి వంద గ్రాములూ లెక్కపెట్టుకునే యాత్రికుడు ఇచ్చిన పుస్తకాన్ని మర్యాదకు తీసుకుని, తర్వాతి వసతి గృహంలో అరలో వదిలేసి వెళతాడు. ఆ అరల్లో అయిదారు భాషల సువార్త ప్రతులు దుమ్ము పట్టి ఉంటాయి. పంచిన ప్రతుల లెక్క మాత్రం నివేదికలో చేరుతుంది.

దారి మనిషిని ఒలిచేస్తుంది కాబట్టి బాధ్యత కూడా పెరుగుతుంది. ఫొన్సెబదోన్ దాటాక దాదాపు 1,500 మీటర్ల ఎత్తున క్రూస్ దె ఫెర్రో ఉంది: పొడుగాటి ఓక్ మాను, దాని కొసన చిన్న ఇనుప సిలువ, మొదట్లో రాళ్ల గుట్ట. యాత్రికులు ఇంటి దగ్గర నుంచి తెచ్చిన రాయిని అక్కడ వదులుతారు. రాళ్ల మధ్య పోయినవాళ్ల ఫొటోలు, పిల్లల మేజోళ్లు, ఆసుపత్రి చేతిపట్టీలు కనబడతాయి. అక్కడ మోకాళ్ల మీద కూర్చున్న మనిషి దగ్గరికి వెళ్లి భుజం తట్టడం సువార్తా, చొరబాటా? 2011లో వాటికన్ సర్వమత సంభాషణ మండలి, ప్రపంచ చర్చిల మండలి, వరల్డ్ ఎవాంజెలికల్ అలయన్స్ కలిసి క్రైస్తవ సాక్ష్యానికి ఒక నడవడి పత్రం విడుదల చేశాయి. మనుషుల పేదరికాన్నీ అవసరాన్నీ వాడుకోవడం, ప్రలోభపెట్టడం, బలహీన స్థితిని అవకాశంగా తీసుకోవడం సాక్ష్యం కిందికి రావని అందులో ఒప్పుకున్నాయి. వేరే మతస్థుల మధ్య పని గురించి రాసిన మాటలే అయినా, ఆ ఇనుప సిలువ దగ్గర అవి అక్షరాలా వర్తిస్తాయి. అలసట కూడా ఒక అవసరమే. తెలివైన ఇళ్లు అందుకే పెద్ద నిర్ణయాల ఊసు ఆ రాత్రి ఎత్తవు.

ప్రభు బల్ల దగ్గర కలిసిరాని సంగతి ఒకటి మిగిలే ఉంది. నెల రోజులు ఒకే కుండ అన్నం పంచుకున్న కాథలిక్, ప్రొటెస్టెంట్ యాత్రికులు శాంటియాగో చేరాక కథెడ్రల్‌లో యాత్రికుల దివ్యబలి పూజకు కలిసే వెళతారు. సత్ప్రసాదం (పూజలో పంచే పవిత్రమైన రొట్టె) స్వీకరించే వేళ మాత్రం విడిపోతారు. కాథలిక్ చట్టం ప్రకారం మామూలు పరిస్థితుల్లో అది కాథలిక్కులకే. యాభై కిలోల పైబడ్డ ధూపపాత్రను ఎనిమిది మంది తాళ్లతో లాగి గుడి ఆ చివరి నుంచి ఈ చివరికి ఊపుతున్నప్పుడు ఫోన్లు పైకి లేస్తాయి, కళ్లు అందరివీ ఒకే దిక్కున ఉంటాయి. బెంచీ చివర కూర్చుని వరసలోకి లేవని లూథరన్ మనిషి సంగతి ఏ ఫోటోలోనూ పడదు. మిషన్ జట్లలో కొందరు ఆ రోజు సాయంత్రం అద్దె గదిలో రొట్టె విరుచుకుంటారు. నెల రోజుల స్నేహం అక్కడ ఐదు వందల ఏళ్ల చరిత్ర ముందు ఆగిపోతుంది.

ఇక పల్లెల విషయం. యాత్రికులను చూసే మిషన్ యాత్రల చూపు వాళ్లు నడిచే నేల మీద పెద్దగా ఆనదు. మెసెతా పల్లెల్లో చాలా వాటి నుంచి జనం పట్నాలకు వెళ్లిపోయి, మిగిలింది ముసలివాళ్లు, ఒక కాఫీ దుకాణం, నాలుగైదు ఊళ్లు చూసుకునే ఒక గురువు. స్పెయిన్‌లో ఎవాంజెలికల్ జీవం ఉన్నది ప్రధానంగా జిప్సీల మధ్య ఎదిగిన ఫిలదెల్ఫియా సంఘాల్లో, లాటిన్ అమెరికా వలసదారుల ఆరాధనల్లో, అంటే పట్నాల్లో. విదేశీ జట్టు ఆ సంఘాలను ఒక్కసారి కూడా కలవకుండా, స్పానిష్ పది ముక్కలు కూడా రాకుండా, ఇంగ్లీషు మాట్లాడే యాత్రికులతోనే మాట్లాడి వెనుదిరగడం మామూలే. తమ ఊరివాళ్లకు తమ ఊరివాళ్లే సువార్త చెప్పుకోవడానికి సముద్రం దాటి వచ్చినట్టు అవుతుంది. చలికాలంలో, చాలా వసతి గృహాలు మూతపడి, మంచులో అక్కడక్కడా ఒకరిద్దరు నడిచేటప్పుడు తెరిచి ఉన్న గుమ్మం విలువ ఎన్నో రెట్లు. జట్లు వచ్చేది మాత్రం వేసవి సెలవుల్లో, ఉన్న పడకలే చాలనప్పుడు.

యాకోబు పండుగ జులై 25 ఆదివారం నాడు పడిన సంవత్సరాన్ని పవిత్ర సంవత్సరంగా పాటిస్తారు. తర్వాతది 2027. యాత్రికులతో పాటు మిషన్ జట్లూ ఎక్కువవుతాయి. ఆ ఏడు సారియా నుంచి చివరి వంద కిలోమీటర్లలో పాటలూ సాక్ష్యాలూ కొరతేమీ ఉండవు. కొరత పడేది ఉదయం ఎనిమిది తర్వాత పని చేసేవాళ్లకు. అప్పటికి వసతి గృహం ఖాళీ. కిటికీలు తెరిచి పరుపులు దులపాలి, మరుగుదొడ్లు కడగాలి, నేల తుడవాలి, మధ్యాహ్నానికి సూపుకు కూరగాయలు తరగాలి. నిన్న రాత్రి మనసు విప్పిన మనిషి ఈ పాటికి పది కిలోమీటర్లు దాటి ఉంటాడు. సేవకుడు అతని మంచం కింద మరిచిపోయిన తడి మేజోడు ఒకటి తీసి, కిటికీ చువ్వకు ఆరేసి, పక్క మంచం వైపు జరుగుతాడు.